పచ్చసిరా సంతకానికి ఎంత చోటు కావాల?

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లోళ్ళకు చోటు గురించి దిగులనేదే లేదు. ఎవరిదన్నా మెయిల్ పెట్టె నిండిపోయిందంటే చాలు, కూర్చున్న కాడినుంచే రెండు బటన్లు నొక్కి, "క్లౌడ్‌లో పెంచేసినా సార్" అని టీ తాగేకి పోతారు. (మబ్బును నమ్ముకుని మా అనంతపురం జిల్లాలో ఎవడు బాగుపడినాడో చెప్పండ్రా అని నాకు నోటిదాకా వస్తాది. మింగేస్తాను.) నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అట్ల కాదు. కంపెనీలో అందరి మెయిళ్ళూ మా బిల్డింగులోనే, మేం కొన్న డిస్కుల్లోనే ఉండాల. రాబోయే మూడేండ్లలో ఎంత మెయిల్ వచ్చి పడుతుందో ముందే లెక్క కట్టి, ఆర్డరు పెట్టి, తెప్పించి బిగించుకోవాల. లెక్క తక్కువైందా, డిస్కులు నిండిన రోజున కంపెనీ మొత్తానికీ మెయిల్ ఆగిపోతాది. మళ్ళీ కొత్తవి రావాలంటే రెండు నెలలు. అంత పెద్ద లెక్కను తెచ్చి, హాస్టల్లో ఒక సబ్బు ఎన్నాళ్ళొస్తాదో కూడా ఏనాడూ సరిగ్గా చెప్పలేని నా చేతిలో పెట్టినారు.

మాది విత్తనాలు, డ్రిప్ పైపులు అమ్మే పెద్ద కంపెనీ. హెడ్డాఫీసు అనంతపురం దాటినాక బెంగళూరు రోడ్డు మీద, చుట్టూ కంపచెట్లు తప్ప ఇంకేమీ లేని మిట్టమీద ఉండేది. బ్రాంచీలు మాత్రం గార్లదిన్నె, గోరంట్ల, తనకల్లు మొదలుకొని పక్క రాష్ట్రాల దాకా ఉండేవి. పనిచేసేవాళ్ళు వేలమంది. వాళ్ళందరి మెయిళ్ళనూ మోసే సర్వర్లు మా మూడో అంతస్తులో ఒక చల్లగదిలో, ఇనుప బీరువాల్లో వరసగా కూర్చుని ఉండేవి. ఆ గది మొత్తం మా సెక్షన్‌కు పెద్దయిన అక్క చేతిలో. వెనకాల అందరూ 'డిస్కక్క' అనేవాళ్ళు, ఎదురుగా మాత్రం ఉత్త 'అక్కా'. హిందూపురం ఆమె. మాట్లాడేటప్పుడు తెలుగులో కన్నడం ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో ఆమెకే తెలీదు. పొద్దున వస్తూనే భుజాన బ్యాగు కూడా దించకుండా ఆ గదిలోకి పోయి, ఒక్కో బీరువా మీద చెయ్యి తిరగేసి ఆనించి చూసేది, పిల్లోనికి జ్వరముందా అని చూసినట్టు. ఒకరోజు "ఈ మూడోదానికి ఒళ్ళు వెచ్చగా ఉండాదప్పా" అనింది. కంప్యూటర్ తెరమీద అంతా బాగానే చూపిస్తాండాది. మధ్యాహ్నానికి ఆ మూడోదాని ఫ్యాను ఆగిపోయింది. ఆరోజు నుంచి నేను ఆమెకు మనసులో దండం పెట్టుకునే కూర్చునేవాణ్ణి.

ఆమెకు ఒకటే అలవాటు. ఎవరు ఏ లెక్క తెచ్చి చూపించినా, దాన్ని చదివేముందు తలెత్తి, "పోయి చూసొచ్చినావా?" అని అడిగేది. చూసొచ్చినా అంటే సంతకం పెట్టేది. లేదంటే కాయితం తిరిగి ఇచ్చేసేది. అరిచేది లేదు, తిట్టేది లేదు. తిట్టించుకునుంటేనే నయమేమో అనిపించేది ఆ కాయితం వెనక్కి తీసుకునేటప్పుడు.

నేను చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆరు నెలలు చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తామని రాసిచ్చినారు. ఆ 'నచ్చితేనే' అనే మాట మా నాయనకు చదివి వినిపించలేదు. ఆయన అప్పటికే గార్లదిన్నెలో టీకొట్టు కాడ, "మావాడు ఊ అంటేగాని ఆ కంపెనీలో ఒక్క ఉత్తరం, ఒక్క జాబు కదలదు" అని చెప్పేసినాడు. ఇంగ ఆ మాటను వెనక్కి తీసుకునేకి లేదు. అందుకని డిస్కుల లెక్క నా చేతికి వచ్చేసరికి, దీంతోనే నా పేరు మోగిపోవాలని పట్టుబట్టినాను. మాకు కొత్తగా వచ్చిన మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మంచి గుణం ఉండేది. ఒకే ఫైలు వందమందికి పోతే, దాన్ని వందసార్లు దాచదు. ఒక్కసారే దాచుకుని, అడిగినోళ్ళందరికీ దాన్నే చూపిస్తాది. అంటే కావాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతాదని కనిపెట్టినాను. (నేనేమీ కనిపెట్టలేదు, ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకంలో రాసుండాది. కానీ ఆ పుస్తకం చదివింది మా అంతస్తులో నేనొక్కణ్ణే.) మీటింగులో పెద్దసారుకు దాన్ని ఇట్ల చెప్పినాను: "సార్, ఊర్లో పెండ్లయితే ఇంటింటికీ కార్డు పంచకుండా, ఒకే కార్డు రచ్చకట్ట కాడ అంటిస్తే అందరూ చదువుకుంటారు గదా, అట్ల." పెద్దసారు నవ్వి, "భలేవాడివే అబ్బీ" అన్నాడు. కంపెనీకి పెద్ద తలకాయ ఆయన. ఆయన నోట్లోంచి భలే అనే మాట వినినోళ్ళు మా అంతస్తులో ఇంకెవరూ లేరు. నేను ఆ సాయంత్రం మెట్లు దిగి ఇంటికి పోయినానా, గాలిలో తేలి పోయినానా ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

కాయితం అక్క ముందు పెట్టినాను. ఆమె తలెత్తి, "పోయి చూసొచ్చినావా? బ్రాంచీల్లో జనం మెయిల్ ఎట్ల వాడతాండారో చూసినావా?" అనింది. "చూసినా అక్కా" అన్నాను. నేను చూసింది మా మూడో అంతస్తులో మా ఇరవైమంది మెయిళ్ళు, అది కూడా ఒక వారానివి. చూసినా అనేది అబద్ధం కాదు, యాడ చూసినానో చెప్పలేదంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్క మారుమాట్లాడకుండా సంతకం పెట్టింది. పైగా పక్కసీటాయనతో, "మా తమ్ముడు గట్టోడప్పా" అనింది. ఆ మాటకు నేను పొంగిపోయినాను. ఆర్డరు వచ్చే సోమవారం పోవాల.

గురువారం పొద్దున తనకల్లు బ్రాంచి నుంచి ఫోనొచ్చింది, మెయిల్ పెట్టె నిండిపోయింది, ఎవరినన్నా పంపించండని. అక్క నన్నే పొమ్మనింది. కదిరిలో బస్సు మారి, దుమ్ము కొట్టుకుని, పదకొండు దాటినాక ఆ బ్రాంచికి చేరినాను. మేనేజరు సారు లావుపాటి మనిషి, మర్యాదస్థుడు. నాకు ముందు బొరుగుల ఉగ్గాని తెప్పించి పెట్టి, అది పూర్తయ్యేదాకా కంప్యూటర్ మాటే ఎత్తనియ్యలేదు. ఆయన జేబులో ఒకటే పెన్ను, పచ్చసిరాది. ప్రభుత్వంలో పెద్ద ఆఫీసర్లు పెడతారే, అట్లాంటి పచ్చసంతకం. మాది ప్రైవేటు కంపెనీ, మాకు అట్లాంటి రూలేమీ లేదు. ఆయన సొంతంగా పెట్టుకున్న వైభోగం అది. (ఆరోజు నుంచి నాకు ఆయన పచ్చసిరా సారే. అసలు పేరు గుర్తుకు తెచ్చుకోవాలంటే ఇప్పుడు కూడా కాసేపు పడుతుంది.)

చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంటినో లేదో, హెడ్డాఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. "వచ్చే శుక్రవారం గోడలకు సున్నం కొడతారు, బీరువాలు జరిపి పెట్టుకోండి" అని రెండు వరసలు. పచ్చసిరా సారు దాన్ని చదివి, ప్రింటు తీయమన్నాడు. ప్రింటు మీద 'చూసినాను' అని రాసి, పచ్చసంతకం పెట్టి, రబ్బరు స్టాంపు ఠక్కుమని కొట్టినాడు. ఆ కాయితాన్ని స్కానరు మీద పెట్టించి, రంగుల్లో, ఫొటో తీసినంత వివరంగా స్కాన్ చేయించి, పైవాళ్ళకు, కిందివాళ్ళకు అందరికీ పంపించినాడు. "సార్, అందరూ ఇట్లే చేస్తారా?" అని అడిగినాను. "ఇట్లే గదప్పా చేయాల్సింది?" అని పాత మెయిల్ ఒకటి తెరిచి చూపించినాడు. టీపొడి ఎక్కడ కొనాలో చెప్పే మెయిల్ అది. ఏడు బ్రాంచీలు తిరిగి, ఏడుగురు ప్రింటు తీసి, ఏడుగురు సంతకం పెట్టి, ఏడుసార్లు స్కానయి వచ్చుండాది. అసలు విషయం పైన మూలకు పోయి అలుక్కుపోయింది. మిగిలినవన్నీ సంతకాలే. అక్షరాల్లో ఉన్నప్పుడు ఆవగింజంత కూడా చోటు పట్టని మెయిల్, ఇప్పుడు ఒక సినిమాపాట ఫైలంత అయిపోయింది.

నా లెక్క ఎట్ల కూలిందో అప్పుడు తెలిసింది. ఒకే ఫైలు అయితేగదా సాఫ్ట్‌వేర్ ఒక్కసారి దాచేది? ఒక్కో సంతకం పడేకొద్దీ అది కొత్త ఫైలు. నా పెండ్లికార్డును ఊరంతా కలిసి ఒకటే చదువుకోవడం కాదు, ఇంటింటికీ కొత్త కార్డు అచ్చు వేయించుకుంటాండారు.

"సార్, మెయిల్ తెరిచినారంటే చూసినట్టే గదా, మళ్ళీ సంతకం యాలకు?" అని అడిగినాను. పచ్చసిరా సారు నవ్వలేదు. "గోరంట్ల బ్రాంచిలో ఒకాయనకు ఒకసారి విత్తనాల మీద మెయిల్ వచ్చిందంట. ఆయన చూడలేదంటాడు, పైవాళ్ళు పంపినామంటారు. ఆయన మాట ఎవురు నమ్మినారు? ఆయన ప్రమోషన్ పోయింది. అప్పటినుంచి మేమంతా చూసింది చూసినట్టు సంతకం పెట్టి పంపుతాం. మా చేతిలో ఉండే సాక్ష్యం ఇదొక్కటే అబ్బీ" అన్నాడు. సరే, కనీసం రంగు తీసేసి నలుపుతెలుపులో స్కాన్ చేస్తే చోటు మిగులుతుంది గదా అని నెమ్మదిగా అన్నాను. అప్పుడు చూడాల ఆయన మొహం! "మా తాత వేలిముద్ర వేసినాడు. మా నాయన కిందామీదా పడి నల్లసిరాతో పేరు రాసేకి నేర్చినాడు. పచ్చసిరాతో సంతకం పెట్టింది మా వంశంలో నేనొక్కణ్ణే. దాన్ని నల్లగా చేసేకి నువ్వెవరప్పా?" అన్నాడు. నేను ఆయన కంప్యూటర్లో పాత మెయిళ్ళు కొన్ని పక్కకు తీసి, తాత్కాలికంగా చోటు చేసిపెట్టి, తల వంచుకుని బస్సెక్కినాను.

బస్సులో టికెట్టు వెనకాల మళ్ళీ లెక్కేసినాను. ఎట్ల వేసినా నేనిచ్చిన డిస్కులు మూడేండ్లు కాదు, ఏడాది కూడా రావు. సరిగ్గా వచ్చే ఏడు, మా విత్తనాలు కొన్న రైతుల పంటనష్టం కాయితాలన్నీ బీమా కోసం బ్రాంచీల నుంచి పోయే దినాల్లో నిండిపోతాయి. అప్పుడే నా తలలో ఇంకో లెక్క మొదలైంది, దాని గురించి చెప్పుకునేకి సిగ్గయితాది. నా ఉద్యోగం ఖాయమయ్యేది రెండు నెలల్లో. డిస్కులు నిండేది ఏడాదికి. అప్పుడు అడిగితే, "జనం వాడకం పెరిగిపోయింది సార్" అంటే సరిపోతాది. ఎవరికీ తెలీదు. ఇప్పుడు చెప్పినానో, పెద్దసారు 'భలే' వెనక్కి తీసుకుంటాడు, అక్క సంతకం నవ్వులపాలైతాది, నేను ఇంటికి పోతాను. శుక్రవారం నోరు తెరవలేదు. శనివారం తెరవలేదు. ఆదివారం ఊరికి పోతే నాయన, "ఏంరా, సంగటి ముద్ద అట్లే ఉండాది? ఆఫీసులో పని ఎక్కువా?" అని అడిగినాడు. "ఊ" అన్నాను. "ఉంటాది మరి, ఊరందరి జాబులు ఒక్కడివే చూడాలంటే" అని పక్కనున్నాయనకు వినబడేట్టు అన్నాడు. ఆ ముద్ద ఇంగ దిగలేదు నాకు.

సోమవారం పొద్దున్నే అక్క ఎప్పటిలాగే బీరువాలకు జ్వరం చూస్తాంటే, చల్లగదిలోకి పోయి నిలబడినాను. "అక్కా, నేను చూసొచ్చినా అన్నాను గదా. చూడలేదు" అన్నాను. అంతా చెప్పేసినాను, తనకల్లు, టీపొడి, టికెట్టు వెనకాల లెక్క, అన్నీ. ఆమె చెయ్యి బీరువా మీద అట్లే ఉండిపోయింది. "తెలిసి ఎన్ని దినాలాయె?" అని అడిగింది. "నాలుగు." "నాలుగు దినాలు ఎట్ల తిన్యావప్పా అన్నం?" అనింది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ గదిలో చలికి కండ్లనీళ్ళు కూడా చల్లగా తగిలినాయి.

ఆమె నన్ను వెంటబెట్టుకుని నేరుగా పెద్దసారు గదికి పోయింది. ఆమె చెప్తాదేమో అని నేను చూస్తాంటే, "చెప్పప్పా" అని నన్నే ముందుకు తోసింది. చెప్పినాను. పెద్దసారు చదువుతాండే కాయితం కింద పెట్టి, "మరి సరైన లెక్క ఎంత?" అన్నాడు. "తెలీదు సార్" అన్నాను. ఆ గదిలో 'తెలీదు' అనే మాట అంతకుముందు ఎవరూ పలికినట్టు లేదు, ఆయన కండ్లద్దాలు తీసి చూసినాడు. అప్పుడు అక్క, "ఆ కాయితం మీద సంతకం నాది సార్. వీడు చూసొచ్చినా అంటే, యాడ చూసినావని నేను అడగలేదు. అందులో సగం తప్పు నాదే. పది దినాలు ఇవ్వండి, ఇద్దరం తిరిగొస్తాం" అనింది. ఆమె చెప్పకపోయుంటే ఎవరూ ఆమెను అడిగేవాళ్ళు కాదు. చెప్పింది. అంత నిబ్బరంగా తన తప్పు తాను ఎత్తుకున్న మనిషిని నేను అంతవరకూ చూసుండలేదు, తర్వాత కూడా ఎక్కువమందిని చూడలేదు.

పది దినాలు బస్సుల్లో, జీపుల్లో తిరిగినాము. అక్క ఎక్కడికి పోయినా నేరుగా స్కానరు దగ్గర పనిచేసే వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. వాళ్ళ పిల్లల చదువులు అడిగేది, టిఫిన్ బాక్సులో ఊరిమిండి పచ్చడి రుచి చూసేది. మధ్యలో, "రోజుకు ఎన్ని కాయితాలు పెడతారమ్మా దీని మీద?" అనేది. ఎవరూ ఒక్క కాయితం కూడా దాచి చెప్పలేదు. ఎవరినీ ఆమె, ఇట్ల చేయకూడదు అని అనలేదు. తనకల్లులో పచ్చసిరా సారు నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అక్క మాత్రం ఆయన సంతకం ఉన్న కాయితం చేతిలోకి తీసుకుని, "ఏం తిప్పినారు సార్ ఆ చివర్న! చానా బాగుండాది" అనింది. ఊరికే అన్నమాట కాదు, ఆ సంతకం నిజంగానే బాగుంటాది. తర్వాత ఆ కాయితాన్నే రెండుసార్లు స్కాన్ చేయించింది. రంగు తీయలేదు, వివరం మాత్రం ఒకదాంట్లో తగ్గించింది. రెండూ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టి, "ఏది ఏదో చెప్పండి సార్" అనింది. ఆయన కండ్లద్దాలు పెట్టుకుని చూసినాడు, తీసి చూసినాడు, కిటికీ కాడికి తీసుకుపోయి చూసినాడు. "రెండూ పచ్చగానే ఉండాయి గదమ్మా" అన్నాడు. వివరం తగ్గించిన ఫైలుకు రెండోదాంట్లో పదోవంతు చోటు కూడా పట్టదు. ఆరోజే ఆ బ్రాంచిలో స్కానరు సెట్టింగు మార్చినాము, తర్వాత అన్ని బ్రాంచీల్లోనూ. నేను వాళ్ళను అలవాటు మానుకోండని అడిగినాను. ఆమె ఆ అలవాటు ఎందుకొచ్చిందో విని, దానికి ఎంత చోటు కావాలో అంతా ఇచ్చింది. ఆ తేడా నాకు ఆ వయసులో పూర్తిగా అర్థం కాలేదు, కానీ ఆ మనిషి వెనకాల నడవాలని మాత్రం అర్థమయింది.

కొత్త లెక్క నా పాత లెక్క కంటే ఎక్కువే, నేను టికెట్టు వెనకాల భయపడినంత మాత్రం కాదు. అక్క చదివి, ఏమీ అడగకుండా సంతకం పెట్టింది. పెద్దసారు మాత్రం నా ఉద్యోగం ఖాయం చేసేది మూడు నెలలు వెనక్కి జరిపినాడు. ఆ సంగతి నాయనకు చెప్పక తప్పలేదు, 'నచ్చితేనే' అనే మాటతో సహా. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "పొమ్మనలేదు గదా?" అన్నాడు. లేదన్నాను. "ఇంగేం మరి, ఇంకో మూడు నెలలు చూడబుద్ధయింది వాళ్ళకు నిన్ను" అన్నాడు. టీకొట్టులో దాన్ని ఎట్ల చెప్పినాడో నేను అడగలేదు.

మరుసటి ఏడు మళ్ళీ వానల్లేవు. పంటనష్టం కాయితాలు పంపేకి ఆఖరి దినం వచ్చింది. ప్రతి బ్రాంచి ముందూ రైతులు నిలబడుకోనుండారని, వందల చేన్ల ఫొటోలు, సంతకాలు, స్టాంపులు పొద్దున్నుంచీ వచ్చి పడతాండాయని మాకు తెలుసు. నేను ఫోను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. చోటు తక్కువ పడిందంటే మొదటి ఫోను నాకే వస్తాది గదా అని. రాలేదు. రెండైంది, నాలుగైంది, ఒక్క ఫోనూ రాలేదు. చెప్పొద్దూ, ఐదయ్యేసరికి నాకు ఉక్రోషం మొదలైంది. ఇంత కష్టపడితిమి, ఇన్ని బస్సులెక్కితిమి, ఒక్కడు గూడా ఫోన్ చేసి భలే పోతాండాదప్పా మెయిల్ అనకూడదా అని. ఆపుకోలేక నేనే తనకల్లుకు ఫోన్ చేసినాను. "సార్, మెయిల్ పోతాండాదా?" అన్నాను. వెనకాల జనం గోల, స్టాంపుల చప్పుడు. పచ్చసిరా సారు, "పోతాండాదే. యాలకప్పా, పోకూడదా?" అని, నా జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసినాడు.

రిసీవరు చేతిలో పట్టుకుని అట్లే కూర్చునింటే, అక్క వాకిట్లో నిలబడి చూస్తాండాది. ఎంతసేపటినుంచి ఉండాదో. "ఏమన్నాడు?" అనింది. చెప్పినాను. ఆమె నవ్విన నవ్వుకు చల్లగది తలుపద్దం అదిరింది. "ఇంతకంటే ఎవురూ ఏమీ అనరప్పా మనల్ని" అని, నా సీటు మీద ఉన్న అన్నం డబ్బా మూత తెరిచి నా ముందుకు జరిపింది. ఆమె రిటైరయి ఎన్నేండ్లయిందో, ఇప్పుడు ఆమె కుర్చీలో నేనున్నాను. ఏ ఫోనూ మోగని సాయంత్రాల్లో, ఎవరన్నా మెచ్చుకుంటారేమోనని తనకల్లుకు ఫోన్ కలిపిన ఆ వెర్రిబాగులోడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. చల్లారిన ఆ అన్నాన్ని అక్క ఎదురుగా కూర్చుని తినిపించిన రుచి ఇంకా నాలుక మీదే ఉండాది.